చివరి చుట్టుకు చాలని పెట్రోలు

పన్నెండేళ్ళ కిందట, ఫిబ్రవరి మొదటి వారంలో, నార్త్ కరొలైనాలో షార్లెట్‌కు గంట దూరంలో ఉన్న ఒక చిన్న స్టాక్ కార్ రేసింగ్ జట్టులో రేస్ ఇంజినీరుగా చేరాను. అప్పుడు నాకు నలభై రెండేళ్ళు. అంతకుముందు పదకొండేళ్ళు మిషిగన్‌లోని నోవైలో, ఇంజిన్ విడిభాగాలు తయారుచేసే కంపెనీలో పనిచేశాను. నా భార్య సుధ ఉద్యోగం, మా అమ్మాయి బడి అక్కడే కాబట్టి ఇల్లు నోవైలోనే ఉంచి నేనొక్కణ్ణే దక్షిణానికి వెళ్ళాను. ఆ జట్టు కిందటి ఏడాది మూతపడింది. దానితోపాటే నేనూ ఉద్యోగ విరమణ చేశాను. అప్పుడొక రేసింగ్ పత్రిక జట్టు చరిత్ర రాస్తూ, చేతికందిన ఒకే ఒక్క గెలుపు పెట్రోలు పోసే మనిషి ఒలకబోయడం వల్ల జారిపోయిందని రాసింది. ఆ వాక్యం తప్పు. అప్పటికి అది తప్పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే ఇది రాస్తున్నాను.

నా కొత్త ఉద్యోగం నోవైలో స్నేహితులకు మంచి కాలక్షేపమైంది. వరంగల్ శ్రీనివాస్ ఒక పుట్టినరోజు విందులో అందరి ముందూ అడిగాడు.

“గదేం ఆటనే అన్నా? ఎడమకు తిప్పుడు, మళ్ల ఎడమకు తిప్పుడు. గానుగెద్దు లెక్క. నువ్వు గంత చదివి ఆ కార్లల్ల పెట్రోల్ పోస్తున్నవా?”

“పోయను. ఎంత పోయాలో లెక్క వేస్తాను.”

“గట్లనా! ఆ పని గ్యాస్ స్టేషన్‌ల మిషినే చేస్తది కదనే.”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్న సరైనదే. గుండ్రంగా తిరిగే కార్లలో మూడు గంటలపాటు చూడటానికి ఏముంది? కొండదారుల్లో, వీధుల్లో జరిగే పందెంలో ప్రేక్షకుడికి ఒక్క మలుపే కనిపిస్తుంది. కార్లు వచ్చి వెళ్ళిపోతాయి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఓవల్ ట్రాక్‌లో స్టాండ్లలో ఎక్కడ కూర్చున్నా ట్రాకంతా కనిపిస్తుంది. దాదాపు నలభై కార్లు. మొదటి కారును ఎవరు తరుముతున్నారో, వెనక ఎవరు పుంజుకుంటున్నారో, టైర్లు మార్చి పెట్రోలు పోసే పిట్‌లో ఎవరి టైరు బిగింపు ఆలస్యమైందో, అన్నీ ఒకే చూపులో దొరుకుతాయి. పైగా అద్దెకు దొరికే హెడ్‌ఫోన్ పెట్టుకుంటే డ్రైవరూ జట్టూ రేడియోలో మాట్లాడుకునే మాటలు వినవచ్చు. కోపాలు, బూతులు, బతిమాలడాలతో సహా.

జట్టులో పదవుల వరుస చెబుతాను. యజమాని కింద క్రూ చీఫ్. రేసు రోజున ఆయన మాటకు తిరుగులేదు. మా క్రూ చీఫ్ పేరు రిక్. పిట్ గోడ వెనక మంచెలాంటి ఎత్తయిన పెట్టె మీద ఆయన కూర్చుంటే, పక్కన కూర్చుని టైర్ల అరుగుదల, పెట్రోలు ఖర్చు చూసేవాడు రేస్ ఇంజినీరు, అంటే నేను. కారు పిట్‌లోకి వచ్చినప్పుడు గోడ దూకి వెళ్ళేవాళ్ళు ఆరుగురు. టైర్లు మార్చేవాళ్ళు, మోసేవాళ్ళు, జాకీ ఎత్తేవాడు, పెట్రోలు పోసేవాడు. మా పెట్రోలు మనిషి వెర్న్. ఇండియానావాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. నలభై కిలోలకు పైబడిన నిండు క్యాన్‌ను భుజానికెత్తుకుని పరుగెత్తి, దాని మూతిని కారు వెనక రంధ్రంలో గుచ్చి, కారు కదిలే క్షణంలో లాగి తేవాలి. వెర్న్ ఆ పని పద్ధెనిమిదేళ్ళుగా చేస్తున్నాడు.

గ్యారేజీలో నన్ను ‘ప్రొఫెసర్’ అనేవాళ్ళు. అందులో కొంత మర్యాద, ఎక్కువ దూరం. ఏడాదిలో ముప్పై ఎనిమిది వారాంతాలు ట్రాక్‌ల దగ్గరే గడిచేవి. మన తెలుగువాళ్ళు కలిసేది శని ఆదివారాల్లోనే కాబట్టి విందులు, పూజలు, పిల్లల నాట్యాలు అన్నీ ఫోన్లో ఫొటోలుగా చూసేవాణ్ణి. సోమవారాల్లో అందరూ ఆఫీసుల్లో ఉంటే నాకు సెలవు. నాతో కూర్చుని భోజనం చేసేవాడు వెర్న్ ఒక్కడే. సుధ పంపిన కందిపొడి అతనికి ఎంతో ఇష్టం. “ప్రొఫెసర్, ఇటుకపొడి తెచ్చావా?” అని అడిగి ఉప్పు బిస్కట్ల మీద చల్లుకుని తినేవాడు. కళ్ళనీళ్ళు వచ్చినా ఆపేవాడు కాదు.

ఇప్పుడు ఆ రేసు సంగతి. నేను చేరిన ఏడాదే, జూన్ నెలలో ఒక ఆదివారం, మధ్య పశ్చిమంలో చుట్టు కొలత సరిగ్గా మైలు ఉన్న ట్రాక్ మీద జరిగింది. ఉదయం నుంచీ ఈదురుగాలి.

ఓవల్ రేసు ఆగి ఉన్న కార్లతో మొదలవదు. ముందు నడుస్తూ వేగాన్ని అదుపులో ఉంచే పేస్ కారు వెనక రెండు వరుసల్లో మెల్లగా తిరుగుతూ, పచ్చ జెండా ఊపగానే అన్నీ ఒక్కసారి దూకుతాయి. మొదటి పది చుట్లలో చల్లని టైర్లు, నిండు ట్యాంకులు, ఓపికలేని డ్రైవర్లు. ఆ పది చుట్లూ స్టాండ్లలో ఎవరూ కూర్చోరు. తర్వాత ఆట నెమ్మదిస్తుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. నిజానికి అప్పుడే అసలు ఆట మొదలవుతుంది. టైర్లు అరిగి కారు జారుతుంది. ఒకడు గోడ పక్కన పైదారి పడతాడు, ఇంకొకడు లోపలి గీతను పట్టుకుంటాడు. ముందు కారు చీల్చిన గాలిలో దూరి వెనక కారు తేలిగ్గా వస్తుంది. ఎంతో దూరం ముందున్నవాడు కూడా నిశ్చింతగా ఉండలేడు. ఎక్కడైనా ఒక కారు గోడకు తగిలితే పసుపు జెండా పడుతుంది. అందరూ మళ్ళీ పేస్ కారు వెనక ఒకరి వెనక ఒకరు చేరి మెల్లగా తిరగాలి. రెండు గంటల్లో సంపాదించిన ఆధిక్యం రెండు నిమిషాల్లో పోతుంది. అందుకే ఆఖరి దాకా ఎవరూ లేచి వెళ్ళరు.

ఈ కార్లలో పెట్రోలు ఎంత ఉందో చూపే ముల్లు ఉండదు. ఎంత మిగిలిందో డ్రైవరుకు తెలియదు. అది చెప్పాల్సింది నేను. క్యాన్‌ను పోయకముందు తూచి చీటీ కడతాం, పోసిన తర్వాత మళ్ళీ తూస్తాం. తేడా ఎంతో అంత కారులోకి వెళ్ళినట్టు. పెద్ద జట్లలో ఈ పనికి వేరే మనిషి ఉంటాడు. మాది చిన్న జట్టు, పైగా నేనింకొకరిని నమ్మేవాణ్ణి కాదు. పిట్ స్టాప్ రాగానే పెట్టె దిగివచ్చి స్వయంగా తూచేవాణ్ణి. తూచబోయే ముందు కాటా అంకెను సున్నాకు తెచ్చే జీరో బటన్ నొక్కాలన్న నియమం పెట్టింది కూడా నేనే.

మా కారు ఆ రోజు ఎన్నడూ లేనంత బాగా నడిచింది. ఇరవయ్యో స్థానానికి అలవాటుపడిన జట్టు, రేసు మూడొంతులు గడిచేసరికి నాలుగో స్థానంలో ఉంది. ఏడాది చివర స్పాన్సరు వెళ్ళిపోతాడన్న పుకారు అప్పటికే ఉంది. ఒక్క గెలుపు వస్తే అతను ఉంటాడని అందరికీ తెలుసు. ఆఖరి స్టాప్‌కు రిక్ రెండే టైర్లు, ఒకే క్యాన్ అన్నాడు. నాలుగు టైర్లు మార్చినంత సేపు పట్టదు కాబట్టి కారు ముందుకు వస్తుంది. అయితే క్యాన్ పూర్తిగా ఖాళీ కాకముందే లాగేయాల్సి రావచ్చు.

గాలికి నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. నా లెక్కలన్నీ ఒక లావుపాటి బైండర్‌లో ఉండేవి. కిందికి దిగి దాన్ని కాటా పళ్ళెం మీద పెట్టి, మోచేత్తో అదిమి, చివరి అంకెలు రాసుకున్నాను. కారు వస్తోందని రేడియోలో వినిపించింది. మోచెయ్యి తీసి, నియమం ప్రకారం జీరో నొక్కాను. తర్వాత బైండర్ తీసి చంకలో పెట్టుకున్నాను. వెర్న్ గోడ దూకి వచ్చి క్యాన్ కాటా మీద దించాడు. అంకె చూశాను: దాదాపు ఖాళీ.

వెర్న్ రొప్పుతూ హెల్మెట్ అద్దం పైకెత్తాడు.

“ప్రొఫెసర్, ఇందులో ఇంకా ఉంది. రాసుకో.”

“కాటా లేదంటోంది.”

“కాటా మోసిందా, నేను మోశానా?”

“నీ భుజానికి అంకెలు లేవు కదా వెర్న్.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను చెయ్యి విదిల్చి వెళ్ళిపోయాడు. నేను పెట్టె ఎక్కాను. మేమిద్దరం చివరిసారి వేళాకోళమాడుకున్నది అప్పుడే.

కొన్ని చుట్ల తర్వాత పసుపు జెండా పడింది. ముందున్న ముగ్గురూ పెట్రోలు కోసం పిట్‌లోకి దిగారు. మేం బయటే ఉంటే మొదటి స్థానం మాదే. రిక్ నా వైపు తిరిగి రేడియోలోనే అడిగాడు, “ప్రొఫెసర్, ఆఖరుదాకా వస్తుందా?” అని. అంటే హెడ్‌ఫోన్ పెట్టుకున్న ప్రతి ప్రేక్షకుడూ ఆ ప్రశ్న విన్నాడు. నా లెక్కలో ఒక చుట్టు పైచిలుకు మిగులుతోంది. వస్తుందని చెప్పాను. ఒక్క క్షణం వెర్న్ మాట గుర్తొచ్చింది. పక్కన పెట్టాను.

మళ్ళీ పచ్చ జెండా. వెనకవాళ్ళకు కొత్త టైర్లు, మాకు పాతవి రెండు. చుట్టుచుట్టుకూ వాళ్ళు దగ్గరవుతున్నారు. మా డ్రైవరు మలుపు రాకముందే కాలు ఎత్తి, పెట్రోలు ఆదా చేస్తూ, ఎలాగో లోపలి గీతను కాపాడుకుంటున్నాడు. స్టాండ్లలో జనమంతా నిలబడ్డారు. వాళ్ళలో చాలామంది అంతకుముందు మా కారు నంబరు కూడా ఎరగరు. తెల్ల జెండా పడింది, అంటే ఇంకొక్క చుట్టు. వెనక సూటిదారిలో, ముగింపు గీతకు అర చుట్టు దూరంలో, డ్రైవరు గొంతు వినిపించింది: “ఆగిపోయింది.” కారు మెల్లగా లోపలికి జారింది. ఒక్కొక్కటే కార్లు దాటి వెళ్ళిపోయాయి. పద్నాలుగో స్థానంలో దొర్లుకుంటూ గీత దాటింది.

రిక్ హెడ్‌సెట్ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

సామాను సర్దడానికి కిందికి దిగాను. క్యాన్లు అప్పటికే తీసుకెళ్ళిపోయారు. ఖాళీ కాటా వెలుగుతూ ఉంది. పళ్ళెం మీద ఏమీ లేదు. అంకె ముందు మైనస్ గుర్తుతో రెండున్నర పౌన్లు చూపిస్తోంది. చంకలో ఉన్న బైండర్ బరువు అది. దాన్ని పళ్ళెం మీద పెట్టి చూడనవసరం కూడా లేకపోయింది. అంత పెట్రోలు ఆ కారును చుట్టున్నర, అంతకు కాస్త పైన నడిపేది. క్యాన్‌లో అంత మిగిలిపోయింది. కారులోకి వెళ్ళిందని నేను రాశాను. వెర్న్ చెప్పింది అక్షరాలా నిజం.

అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. జీరో బటన్ నొక్కాను.

ఆ పొరపాటుకు నన్ను నేను క్షమించుకోగలను. గాలి, తొందర, అలవాటు. ఆ బటన్ నొక్కడం పొరపాటు కాదు. వీసా భయం అని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. గ్రీన్‌కార్డు అంతకు ముందేడే వచ్చింది. అక్కడ నా విలువంతా లెక్క తప్పనివాడు అన్న పేరే. అది పోతే ఆ గ్యారేజీలో నేనెవరినో నాకే తెలియదు. అంతకు మించిన కారణం వెతికాను, దొరకలేదు.

ఆ సాయంత్రం హోటల్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి, “నాన్నా, మీ కార్ టీవీలో స్టాప్ అయింది. వై? నువ్వు మ్యాథ్ చేస్తావ్ కదా?” అంది. ఫోన్ సుధ తీసుకుంది.

“ఎవరి పొరపాటండీ?”

“పెట్రోలు పోసేవాడు ఒలకబోశాడట.”

“ఎవరూ, మన కందిపొడి ఆయనా? అయ్యో పాపం.”

అప్పటికి జట్టులో ఎవరూ ఆ మాట అనలేదు. మొదట అన్నది నేనే, అదీ నా ఇంట్లో.

మంగళవారం ఉదయం వర్క్‌షాపులో సమీక్ష సమావేశం. ప్రతి రేసు తర్వాతా జరిగేదే. ఏడుగురం ఉన్నాం. నా చీటీ ప్రకారం క్యాన్ నుంచి వెళ్ళిన పెట్రోలు ఇంత, కారు నడిచిన దూరం ఇంత. మధ్యలో తేడా ఎక్కడికి పోయింది? వీడియో వేశారు. వెర్న్ క్యాన్ లాగేటప్పుడు మూతి దగ్గర కొంచెం చిందింది. ఎప్పుడూ చిందుతుంది.

“అది గ్లాసెడు కూడా ఉండదు రిక్. క్యాన్‌లో ఇంకా ఉందని అప్పుడే చెప్పాను, ఇతనికే చెప్పాను” అన్నాడు వెర్న్, నన్ను చూపిస్తూ.

రిక్ నన్ను అడిగాడు. “కాటా చూశావా?”

“చూశాను. సరిగ్గానే ఉంది” అన్నాను.

ఆ క్షణానికి అది నిజం. నేనే సరిచేశాను కాబట్టి.

వెర్న్ నా వైపు చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు చూశాడు. తర్వాత తన కుడి భుజం ఒకసారి నిమురుకుని, “అయితే ఒలికే ఉంటుంది” అన్నాడు.

రెండు వారాల్లో అతణ్ణి గోడ దూకే జట్టు నుంచి తీసేశారు. వర్క్‌షాపులో విడిభాగాలు కడిగే పని ఇచ్చారు. ఆ ఏడాది చివర అతను ఇండియానా వెళ్ళిపోయాడు. స్పాన్సరూ వెళ్ళిపోయాడు, జట్టు మరో స్పాన్సరుతో ఈడ్చుకొచ్చింది. సమావేశమైన మర్నాడే పనుల క్రమపత్రంలో ఒక కొత్త వాక్యం చేర్చాను: జీరో నొక్కేముందు పళ్ళెం మీద ఏమీ లేదని కళ్ళతో చూడాలి. కారణం రాయలేదు. పదకొండేళ్ళు అందరూ దాన్ని పాటించారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాత నేను ఒంటరిగానే తిన్నాను. ఇంకెవరూ పిలవలేదని కాదు. వెర్న్ ఉన్నన్ని నెలలూ అతను కూర్చునే వైపు వెళ్ళలేకపోయాను. అతను వెళ్ళాక కారులో కూర్చుని తినడం అలవాటైపోయింది. సుధ కందిపొడి పంపుతానంటే వద్దన్నాను. కారం పడటం లేదని చెప్పాను. ఆదివారం లక్షమంది అరుస్తున్నప్పుడు హెడ్‌సెట్ లోపల అంతా నిశ్శబ్దం. మూడే గొంతులు వినిపిస్తాయి, మూడూ నన్ను అంకెలే అడుగుతాయి. నేను కోరుకున్నది అదే కదా అనుకునేవాణ్ణి.

పత్రికలో ఆ వాక్యం చదివిన తర్వాత రెండు నెలలు ఆలోచించి, ఒక శనివారం మధ్యాహ్నం నోవై నుంచి వెర్న్ ఊరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. ముందు ఫోన్ చేసి వస్తున్నానని మాత్రం చెప్పాను. అతను షెడ్డులో గడ్డి కోసే యంత్రం విప్పుకుని కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. కుర్చీ చూపించాడు. కూర్చోకుండానే అంతా చెప్పాను. బైండర్, మైనస్ గుర్తు, బటన్.

అతను చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

“నా భుజంలో నరం దెబ్బతిందనుకున్నాను ప్రొఫెసర్. డాక్టరుకు చూపించుకున్నాను. ఏం లేదన్నాడు. ఆయనకు తెలియలేదులే అనుకున్నాను.”

“వెర్న్...”

“మరుసటి ఏడు పెద్ద జట్టు ఒకటి పిలిచింది. వెళ్ళలేదు. బరువు తెలియని చేతులతో ఎలా వెళ్ళను?”

అతనికి నా మీద కోపం ఉంటుందని, అబద్ధమాడానని ఇన్నేళ్ళూ నన్ను తిట్టుకుంటూ ఉంటాడని అనుకున్నాను. అలాగే ఉండాలని కూడా కోరుకున్నాను. అతను నన్నే నమ్మాడు. తన చేతులను నమ్మడం మానేశాడు.

“ఏం చెయ్యమంటావు?” అని అడిగాను.

“ఆ గదిలో ఎంతమంది ఉన్నారు?”

“ఏడుగురం.”

“నువ్వూ నేనూ పోను అయిదుగురు. వాళ్ళకు చెప్పు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పు.” మళ్ళీ యంత్రం వైపు తిరిగాడు. “వెళ్ళేటప్పుడు గేటు వెయ్యి, కుక్క బయటికి పోతుంది.”

ఆ అయిదుగురిలో ఒకరు చనిపోయారు. నలుగురికి ఫోన్ చేశాను. ముగ్గురు, అదంతా ఎప్పటి మాటో, వదిలెయ్యమన్నారు. రిక్ మాత్రం వదిలెయ్యలేదు. వెర్న్ ఫోన్ నంబరు అడిగి రాసుకుని, నాకు వీడ్కోలు చెప్పకుండానే పెట్టేశాడు. పత్రికకూ సవరణ రాసి పంపాను, ఇంకా వేయలేదు. సుధకు చెప్పాను. “ఆ రోజు నాతో ఒలకబోశాడట అన్నారు కదా” అంది.

ఈ వృత్తిలోకి రాదలచినవాళ్ళకు నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. పరికరమూ మనిషీ వేర్వేరు మాటలు చెప్పినప్పుడు, బరువు తెలిసిన వస్తువొకటి పరికరం మీద పెట్టి ముందు దాన్నే పరీక్షించండి. దానికి అరనిమిషం పడుతుంది. పసుపు జెండా కింద మాకు అంతకంటే ఎక్కువ సమయమే ఉంది. తప్పు కనిపిస్తే సరిచేసే ముందే, ఉన్నది ఉన్నట్టు ఇంకొకరికి చూపించండి. చూపించకుండా సరిచేస్తే పరికరం బాగుపడుతుంది, తప్పు మాత్రం ఇంకో మనిషి దగ్గరికి పోతుంది. దాన్ని అతను తనదే అనుకుని మోస్తాడు.